దావీదు పేరు లేని గోడ

ఢిల్లీ వెళ్లి వచ్చి పది రోజులైంది. పల్లెలో ఎదురైన ప్రతివాళ్లూ ఎర్రకోట చూశావా, కుతుబ్ మీనారు చూశావా అని అడుగుతున్నారు. చూడలేదంటే నా మొహం వంక జాలిగా చూస్తున్నారు. అంత ఖర్చు పెట్టుకుని పోయి మేం చూసింది ఒకే ఒక్క చోటు. ఆ సంగతి నోటితో చెప్పబోతే సగంలోనే ఆపేస్తున్నాను, అందుకని రాస్తున్నాను.

నేను పోస్టుమాన్‌ని. దర్శిలో, వెలిగండ్లలో, చివరికి మార్కాపురంలో ముప్పై ఆరేళ్లు ఉత్తరాలు పంచి మొన్న డిసెంబరులో రిటైరయ్యాను. నాతో వచ్చింది మా మేనత్త మార్తమ్మ. నాకంటే ఏడేళ్లే పెద్ద. జనవరి ఇరవై ఆరున టీవీలో ఢిల్లీలోని యుద్ధ స్మారకం చూపించి, యుద్ధాల్లో ప్రాణాలిచ్చిన సిపాయిల పేర్లన్నీ అక్కడి రాతిగోడల మీద చెక్కారని చెప్పారు. మర్నాడు పొద్దున్నే అత్త వచ్చి మా గడపలో కూర్చుంది.

"నీకిప్పుడు పనేం లేదు గదా అబ్బయ్యా. నన్ను ఢిల్లీ తీసకపో."

ఎందుకని నేను అడగలేదు. బంగ్లాదేశ్ యుద్ధంలో మా చిన్నాయన, అంటే అత్తకు చిన్నన్న, దావీదు సిపాయి. యుద్ధం అయిపోయింది గానీ ఆయన తిరిగి రాలేదు. అప్పటికి నాకు ఆరేళ్లు. ఇంటికొక టెలిగ్రాం వచ్చిందట. చనిపోయినట్టు అందులో ఉన్న పేరు దావీదు కాదని మా అవ్వ దాన్ని తిప్పి పంపేసిందట. ఆ తర్వాత పింఛను కాగితాలు తెస్తే, బతికున్న కొడుకు మీద పింఛనీ తినను పొమ్మని వేలిముద్ర వెయ్యలేదు. ఇరవై ఏడేళ్లు ఎదురుచూసి, అట్లాగే పోయింది. మా నాయన దగ్గర ఆ మాటెత్తితే కండువా దులుపుకుని బయటికి పోయేవాడు. ఊళ్లో మాత్రం తలా ఒక మాట. పారిపోయాడన్నారు, పాకిస్తాను జైల్లో ఉన్నాడన్నారు. అస్సాములో పెళ్లాం పిల్లలతో కాపురం చేస్తున్నాడని ఒకాయన కళ్లతో చూసొచ్చినట్టే చెప్పాడు.

ఈస్టరు వస్తోందంటే మా పల్లెలో సమాధులకు సున్నం కొడతారు. ఎవరి పెద్దల సమాధికి వాళ్లు కొట్టుకుని, నీలంతో పేరు దిద్ది, పండగ నాడు ఇంకా చీకటుండగానే దీపాలు పెట్టి పాటలు పాడతారు. అత్త తాత సమాధికీ అవ్వ సమాధికీ సున్నం కొడుతుంది. చిన్నాయనకు సమాధి లేదు. డబ్బాలో మిగిలిన సున్నంతో ఏం చెయ్యాలో తెలియక కాసేపు అక్కడే నిలబడి ఇంటికి వస్తుంది. చిన్నప్పటి నుంచీ ఇది చూస్తున్నాను. ఢిల్లీ గోడ మీద పేరుంటే ఆయన చనిపోయినట్టు, లేకపోతే అవ్వ మాటే నిజమైనట్టు. అది తేల్చుకోవడానికే అత్త బయలుదేరుతోందని నేను అనుకున్నాను.

మార్కాపురం రోడ్డు స్టేషను

మా పల్లెలో చాలామందికి రెండేసి పేర్లుంటాయి. ఒకటి గుడిలో పాస్టరుగారు పెట్టింది, ఇంకొకటి బళ్లో పంతులు రాసుకున్నది. హాస్టలు సీటుకూ స్కాలర్‌షిప్పుకూ హిందూ పేరుంటే మేలని అప్పటి పంతుళ్లు తోచింది రాసేసేవాళ్లు. ఇంట్లో నేను ఏసుదాసును, సర్వీసు రిజిస్టరులో తిరుపతయ్యను. ఈ రెండు పేర్ల గందరగోళంలోనే నా ఉద్యోగమంతా గడిచింది. అందుకని రైలెక్కే ముందే అడిగాను.

"చిన్నాయనకు బళ్లో వేరే పేరేమన్నా ఉన్నదా అత్తా?"

"ఒకటే పేరు," అంది, సంచి ముడి బిగించుకుంటూ.

ఇంకొకసారి అడగాల్సింది. పోస్టుమాన్‌గా అడ్రసు రెండోసారి చూడకుండా ఏ ఉత్తరమూ ఇవ్వని వాణ్ణి, సొంత అత్త విషయంలో ఆ పని చెయ్యలేదు.

సంచిలో ఏముందో కూడా చూడలేదు. సజ్జరొట్టెలు, చెనక్కాయల పొడి, మాగాయ డబ్బా పైకి కనబడ్డాయి, చాల్లే అనుకున్నాను.

రైలు

విజయవాడలో బండి మారాం. బల్లార్షా దాటాక చలి మొదలైంది. అత్త రెండు చీరలు ఒకదాని మీద ఒకటి కట్టి, నా మఫ్లరు కూడా లాక్కుంది. రైల్లో అమ్మే కూరన్నం నూట ముప్పై అన్నాడు. మూత తీసి వాసన చూసి, "దీనికి నువ్వే నాకు డబ్బులియ్యాల," అని వాడికి తెలుగులోనే చెప్పింది. వాడికి అర్థమైనట్టే ఉంది, నవ్వుకుంటూ పోయాడు. నాగపూరులో కమలాలు కొన్నాం. మా వైపు వచ్చేవాటి కంటే చిన్నవి, కానీ తియ్యగా ఉన్నాయి.

ఎదురు సీట్లో గిద్దలూరు దగ్గర ఊరి జవాను కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. సెలవు అయిపోయి డ్యూటీకి పోతున్నాడు. మన మాట వినబడగానే రొట్టె అడిగి మరీ తిన్నాడు. మేం పోయే చోటు చెబితే వేళ్లు తుడుచుకుని సర్దుకు కూర్చున్నాడు.

"నేను రెండుసార్లు పోయినా పెద్దమ్మా. టికెట్టు లేదు. గుండ్రంగా గోడలు కట్టినారు. ఒక్కో ఇటుక మీద ఒక్కో పేరు. పేరు కొడితే ఏ గోడో ఏ వరసో చెప్పే మిషన్లున్నాయి."

"ఏ పేరు కొట్టాల?" అంది అత్త.

"ఆర్మీలో ఉన్న పేరే పెద్దమ్మా. ఇంట్లో పిలిచే పేరు దానికేం తెలుస్తది?"

అత్త కిటికీ వైపు తిరిగింది. మఫ్లరు మొహం మీదికి లాక్కుంది. చలికేమో అనుకున్నాను.

ఆ పిల్లవాడు ఆగ్రా దగ్గర దిగిపోతూ అత్త కాళ్లకు దండం పెట్టాడు. అతను మా కులం కాదని మాటల్లో అప్పటికే తెలిసింది. ఊరికి ఎడంగా ఉండే మా పల్లె మనిషి కాళ్లు ఇంకో కులపోడు ముట్టుకోవడం ఊళ్లో నేనెప్పుడూ చూడలేదు. అత్త గబుక్కున కాళ్లు వెనక్కి తీసుకుంది. "క్షేమంగా ఉండు నాయనా, మీ అమ్మకు ఫోన్ చేస్తా ఉండు," అని మాత్రం అంది.

పహాడ్‌గంజ్

గది రోజుకు తొమ్మిది వందలు. వేడినీళ్లు బకెట్టుకు ముప్పై. మా దగ్గర నీళ్ల ట్యాంకరు కోసం బిందెలతో కొట్టుకుంటాం, ఇక్కడ కాచినందుకు డబ్బులడుగుతున్నారని అత్త చన్నీళ్లే పోసుకుంది. పళ్లు టకటకలాడుతున్నా ఒప్పుకోలేదు. బండి మీద శనగల కూర, మెత్తటి రొట్టె ప్లేటు యాభై. బాగానే ఉంది గానీ కారం లేదు. చెనక్కాయల పొడి తీసి చల్లుకుంటే బండివాడు కూడా చెయ్యి చాపాడు. నోట్లో వేసుకుని కళ్లనీళ్లు తుడుచుకుని మళ్లీ చాపాడు. అత్త పొట్లం కట్టి ఇచ్చేసింది. వాడు రొట్టె డబ్బులు తీసుకోనన్నాడు, నేనే బలవంతంగా చేతిలో పెట్టాను.

ఆ పొద్దు అత్త తెల్లచీర కట్టుకుంది. మా వైపు క్రైస్తవులు తెల్లచీర కడితే పెళ్లికో గుడికో సమాధులకో. చూసి కూడా నాకు తట్టలేదు.

గేటు దగ్గర

ఇండియా గేటు దాటితే ఆ స్మారకం. సంచులు మిషన్లో పెట్టాలి. అత్త సంచి లోపలికి పోయి అక్కడే ఆగింది. గార్డు అందులోంచి ఒక పాలిథిన్ పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. తెల్లటి పొడి, అరకేజీ పైనే. పక్కన ఈతపీచు కుంచె.

క్యూలో ఉన్నవాళ్లు రెండడుగులు వెనక్కి జరిగారు. టీవీలో చూపిస్తారే, తెల్లపొడి పట్టుబడితే ఏమవుతుందో, అదంతా కళ్ల ముందు తిరిగింది.

"ఏంది అత్తా ఇది?"

"సున్నం."

"సున్నం ఎందుకు తెచ్చినావు?"

"సమాధి కాడికి వస్తా సున్నం లేకుండా వస్తారా?"

నాకున్న హిందీ అంతా కూడదీసుకుని చూనా, చూనా అన్నాను. ఆ గార్డు చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపి, ఖైనీ పొగాకులో నలుపుకోడానికా అన్నాడు. కాదు, కబరుకు, అంటే సమాధికి అని, కుంచెతో గాలిలో గోడకు కొట్టినట్టు చేసి చూపించాను. పెద్ద మీసాలాయన, యాభై పైబడ్డవాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. అత్త తెల్లచీర వైపు ఒకసారి చూశాడు. పొట్లాన్ని జాగ్రత్తగా ముడేసి, లోపల రాయి మీద ఏమీ పుయ్యకూడదని చేతులతో చెప్పి, పోయేటప్పుడు తీసుకోమని పక్కన పెట్టాడు.

అక్కడైనా నాకు బుర్ర వెలగలేదు. చనిపోయాడో లేదో తెలియని మనిషి కోసం ఎవరూ పద్దెనిమిది వందల కిలోమీటర్లు సున్నం మోసుకుపోరు.

ఇటుకల గోడలు

లోపల అంతమంది ఉన్నా చప్పుడు లేదు. నడి మధ్యలో ఎత్తైన రాతి స్తంభం, దాని కింద ఆరని జ్యోతి. చుట్టూ వలయాలుగా గోడలు. గోడలనిండా రాతి ఇటుకలు, ఇటుకకొక పేరు. మా పల్లె సమాధుల దొడ్డిలో నూటయాభై పేర్లుంటే ఎక్కువ, వాటిలో సగం వానకు చెరిగిపోయాయి. ఇక్కడ తల ఎత్తితే పేర్లు, తల తిప్పితే పేర్లు. ఇన్నేళ్లలో నేను ఎన్నో పేర్లు చదివాను, కానీ ప్రతి పేరుకూ ఒక ఇల్లుండేది, ఆ ఇంటి తలుపు కొట్టేవాణ్ణి. ఈ పేర్లన్నిటికీ ఎక్కడో ఒక తలుపు ఉండే ఉంటుంది గదా అనిపించింది.

ఒక చోట యూనిఫారంలో ఉన్న యువకుడు మిషను మీద పేర్లు వెతికి పెడుతున్నాడు. ఇంగ్లీషులో దావీదు అని కొట్టించాను. ఆ పేరు గలవాళ్లు కొందరు వచ్చారు. ఒక్కొక్కటే చూశాం. మన రాష్ట్రం వాళ్లు ఎవరూ లేరు. యుద్ధం కలిస్తే ఊరు కలవదు, ఊరు సంగతి వదిలేద్దామంటే యుద్ధం కలవదు. ఆ అబ్బాయి ఓపికగా ఇంటిపేరుతోనూ వెతికాడు. లేదన్నాడు. వెనకాల జనం నిలబడి ఉన్నారు.

అత్త కొంచెం దూరంగా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది. పేరు లేదని ఎట్లా చెప్పాలి. చన్నీళ్లు పోసుకుని తెల్లచీర కట్టుకుని వచ్చిన మనిషికి, మీ అన్న ఈ గోడ మీద లేడు, పద పోదాం అని ఏ నోటితో చెప్పాలి. నాకు ఒక పాడు ఆలోచన వచ్చింది. దాచకుండా రాస్తాను. అత్తకు ఇంగ్లీషు అక్షరాలు రావు. ఆ దావీదుల్లో ఒకడు అదే యుద్ధంలో పోయినవాడు, కేరళవాడు. అతని గోడ నంబరు రాయించుకున్నాను.

"దొరికింది అత్తా," అన్నాను. ముందు నడిచి, ఆ ఇటుక వెతికి, చెయ్యి పెట్టి చూపించాను. "ఇదే. చిన్నాయన పేరు."

అత్త దగ్గరికి రాలేదు.

"ఏం పేరు రాసినారు?"

"దావీదు అని."

"చదివినావా?"

"చదివినా."

"అబద్ధం చెప్పొద్దు అబ్బయ్యా," అంది. గొంతు పెంచలేదు. "ఈ గోడల మీద మా అన్న పేరు దావీదని ఉండదు. ఎవుర్నో మాయన్నని చూపించి ఏడిపియ్యొద్దు. అట్లాంటి అబద్ధం నేనొకటి చెప్పినా. చాలు."

నా చెయ్యి ఆ పరాయి ఇటుక మీదే ఉండిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. చెయ్యి తీసేసి, ఆ కేరళ పిల్లవాడికి మనసులోనే క్షమించమని చెప్పుకున్నాను.

అప్పుడు చెప్పింది. టెలిగ్రాం వచ్చిన రోజు ఇంట్లో అవ్వ, తను తప్ప ఎవరూ లేరు. తనకు పదమూడేళ్లు, కాలికి ముల్లు గుచ్చుకుని బడికి పోలేదు. అప్పటి పోస్టుమాన్ గుమ్మం బయటే నిలబడి చదివాడు. సిపాయి చెన్నకేశవులు యుద్ధంలో చనిపోయినాడని. అవ్వ చేట కింద పెట్టి కూతురి వైపు తిరిగింది.

"చెన్నకేశవులు ఎవురే? చిన్నన్నకు బళ్లో ఆ పేరుందా? అని అడిగింది అబ్బయ్యా. ఉంది. పంతులు నన్ను చెన్నకేశవులు చెల్లెలా అనే పిలిచేటోడు. అమ్మ మొహం చూసినా. చెప్పలేకపోయినా. లేదమ్మా, ఇది అన్న పేరు కాదు, ఎవురో వేరేటోళ్లది అని చెప్పినా. ఆ పోస్టాయన నా దిక్కు ఒక చూపు చూసి, కాయితం మడిచి జోబులో పెట్టుకోని పోయినాడు."

"తర్వాతైనా చెప్పాల్సింది గదా," అన్నాను. నాకు కోపం కూడా వచ్చింది. ఇరవై ఏడేళ్లు ఒక తల్లి రోడ్డు వంక చూసింది.

"ఒక దినం అనుకున్నా, రేపు చెప్తాలే అని. పండగ పోనీ అనుకున్నా. నా పెళ్లి కానీ అనుకున్నా. అమ్మ చచ్చిపోతా కూడా అన్నొస్తే పాత ట్రంకు పెట్టె ఇయ్యమని చెప్పింది. అప్పుడు కూడా నా నోరు పెగల్లేదు. కన్నతల్లిని మోసం చేసినా అబ్బయ్యా. ఆ పేరు నేను మళ్లా ఎవురి ముందరా పలకలేదు. నువ్వు స్టేషన్లో అడిగితే కూడా."

మెట్ల మీద

మళ్లీ మిషను దగ్గరికి పోయాను. చెన్నకేశవులు అని కొట్టగానే ఒక్కటే పేరు వచ్చింది. జిల్లా కర్నూలు. మా తాలూకాను ప్రకాశం జిల్లాలో కలిపింది తర్వాత, ఆయన చేరేనాటికి మాది కర్నూలు జిల్లానే. అనుమానం లేదు. ఆ అబ్బాయి చీటీ మీద నంబరు రాసిచ్చి, నాకు సెల్యూట్ చేశాడు. నాకెందుకు చేశాడో ఒక క్షణం అర్థం కాలేదు.

ఆ నంబరు గోడ స్మారకానికి అవతలి వైపు ఉంది. నడుస్తున్నాం. అత్త మోకాళ్లు నొప్పులని మెట్ల మీద కూర్చుంది. కూర్చోవద్దని ఈల వేస్తారేమోనని భయపడుతూనే పక్కన నిలబడ్డాను. ఊరికే ఉండలేక, ఉద్యోగం బుద్ధి కొద్దీ ఒక మాట అడిగాను.

"చిన్నాయన డబ్బులు పంపేవాడు గదా. మనియార్డర్లు."

"పంపేటోడు. నెలనెలా. తీసుకునేది అమ్మే. నేను బళ్లో ఉండేదాన్ని."

"ఏ పేరుతో వచ్చేవి?"

అడిగాక గానీ నేను ఏం అడిగానో నాకు తెలియలేదు. వేలిముద్ర వేసేవాళ్లకు మనియార్డరు ఇచ్చేటప్పుడు పంపినవాడి పేరు మేం పైకి చదివి చెబుతాం. చెప్పకుండా ఎవరి వేలూ సిరాలో ముంచం. మా ముందు తరం వాళ్లూ అంతే. ఆర్మీ నుంచి వచ్చే ఫారం మీద ఆర్మీ పేరే ఉంటుంది. చెన్నకేశవులు పంపినాడమ్మా, ఇక్కడ వెయ్యి అని ఆ పోస్టుమాన్ నెలనెలా చెప్పి ఉంటాడు. అవ్వ నెలనెలా విని వేలు చాపి ఉంటుంది.

అదంతా చెప్పాల్సిన పనే రాలేదు. సగం చెప్పేసరికే అత్త చెయ్యి ఎత్తి ఆపింది.

ఎత్తిన చెయ్యి దించి మెట్టు రాతి మీద ఆనించింది. తర్వాత, "అయితే అమ్మకు తెలుసు," అంది. నా వైపు తిరిగి, "మరి నన్నెందుకు అడిగింది?" అంది.

మళ్లీ తనే మెల్లగా అంది.

"లేదనిపించుకోడానికి అడిగింది. నేను లేదన్నా. ఇంక ఆ మాట కాదంటే పిల్ల అబద్ధమాడిందని తేలుతది గదా. నా కోసం నోరు మూసుకుంది. నేనేమో అమ్మ కోసం మూసుకున్నా. ఒకే ఇంట్లో ఉన్నాము అబ్బయ్యా, ఒకే కుండలో అన్నం తిన్నాము."

లేపడానికి చెయ్యి ఇచ్చాను. నా చెయ్యి పట్టుకోకుండానే లేచింది.

పేరు నా తల ఎత్తున ఉంది. నేను చదివి, వేలితో చూపించాను. అత్త అందుకోవడానికి మునివేళ్ల మీద నిలబడి, అక్షరాలను ఒక కొస నుంచి ఇంకో కొసకు తడిమింది. చెన్నకేశవులు, అని పైకి పలికింది. ఇంకోసారి పలికింది. అప్పుడు ఏడ్చింది.

మా వైపు చావింట్లో ఆడవాళ్లు ఊరికే ఏడవరు, రాగం తీసి ఏడుస్తారు. ఎవరి వరస వాళ్లు పిలిచి ఏడుస్తారు. భార్య ఏడుపు వేరు, తల్లి ఏడుపు వేరు, చెల్లెలి ఏడుపు వేరు. గోడ అవతల నుంచి విన్నా ఎవరు ఏడుస్తున్నారో చెప్పవచ్చు. అత్త అన్నా అని ఏడుస్తుందని నేను అనుకున్నాను.

"నా కొడకా," అని ఎత్తుకుంది. "నా చిన్న కొడకా, దావీదా. నువ్వు పోయినావని నాకు ఆ దినమే తెలుసు కొడకా. పిల్ల బెదురుతదని గుండె రాయి చేసుకున్నా కొడకా. నీకు గుంత తవ్వియ్యలేదు, నీ మీద పిడికెడు మన్నెయ్యలేదు కొడకా."

అది అత్త గొంతు కాదు. నా చిన్నప్పటి గొంతు, అవ్వది. అవ్వ ఈ ఏడుపు ఏడవకుండానే పోయింది, దాన్ని కూతురు ఇప్పుడు తెచ్చి ఇక్కడ ఏడుస్తోంది. అంత నిశ్శబ్దంగా ఉన్న చోట ఆ రాగం గోడ గోడకూ తగిలి తిరిగి వస్తోంది. జనం ఆగిపోయారు. కొందరు టోపీలు తీశారు. నేను కూడా ఆ రాతికి తల ఆనించి ఏడ్చాను.

ఈల పట్టుకుని ఒక గార్డు మా వైపు వచ్చాడు. ఈల వెయ్యలేదు. కాసేపు చేతులు కట్టుకుని నిలబడి, తర్వాత నా చెవి దగ్గర వంగి, ఈ సిపాయికి ఈమె ఏమవుతుందని హిందీలో అడిగాడు.

చెల్లెల్ని హిందీలో ఏమంటారో నాకు తెలుసు. నేను తల్లి అని చెప్పాను.